బాతుపిల్లల్ని మింగిందెవరు

కాలి చర్మం పైదాకా ఒలిచిపోయిన బొల్లికోడి అనే చెరువుపక్షి ఒకటి ఆదివారం ఉదయం ఆరున్నరకు వాకింగ్ ట్రాక్ మధ్యలో పడి ఉంది, ఇంకా బతికే ఉంది.

దాని చుట్టూ అప్పటికే పదకొండు మంది మూగారు. పదకొండు చేతుల్లోనూ ఫోన్లు. ఫొటో తియ్యని చెయ్యి ఒక్కటీ లేదు, పక్షిని ఎత్తిన చెయ్యీ ఒక్కటి లేదు. బెంగళూరు యలహంక వెనకాల చెరువును ఆనుకుని కట్టిన హంస సరోవర్ టవర్స్ వాసులు ప్రకృతిని ప్రేమించే పద్ధతి అది. ప్రకృతి కొంచెం దూరంగా, కొంచెం శుభ్రంగా, ఫ్రేములో ఇమిడేలా ఉండాలి. రక్తం కారుతూ కాళ్ల మధ్యకు వస్తే మాత్రం ఎవరో ఒకరు వచ్చి తుడిచెయ్యాలి. ఇక హంసల సంగతంటారా, ఆ పక్షి గేటు మీది పేరులో తప్ప చుట్టుపక్కల ఎక్కడా లేదు.

ఆ గుంపును మోచేత్తో చీల్చుకుని ఒక పొడుగాటి ముసలాయన లోపలికి వచ్చాడు. పేరు అబ్రహాం. కొల్లేరు దగ్గర మత్స్యశాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరై, నర్సుగా పనిచేసే కూతురు సుప్రియ దగ్గర ఉంటున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి పక్షి మీద కప్పాడు.

"అంకుల్, టచ్ చెయ్యకండి. అది ఎవిడెన్స్," అన్నాడు శశిధర్. అపార్ట్‌మెంట్ కమిటీ అధ్యక్షుడు, నలభై ఏళ్లవాడు. ఆదివారం కూడా మెళ్లో ఆఫీసు కార్డు తగిలించుకునే రకం.

"ఎవిడెన్సు గుండె కొట్టుకుంటోంది బాబూ. పక్కకి జరుగు."

"ఇది ఉచ్చు పని," అంది వెనకనుంచి మెత్తటి గొంతు. భుజంగరావు. అరవై ఎనిమిదేళ్లు, తెల్ల లాల్చీ, నుదుట గంధం. జీవదయ అని అపార్ట్‌మెంట్‌లో ఒక బృందం పెట్టి, పావురాలకు గింజలు, చీమలకు చక్కెర, మనుషులకు ఉపదేశాలు వేస్తుంటాడు. "చూడండి, కాలికి తాడు బిగిసి ఒలిచేసింది. నోరు లేని జీవం! గట్టు మీద గుడిసెలో ఎవడుంటున్నాడో అందరికీ తెలుసు. నేను చెప్పడం ఎందుకు?"

చెప్పడం ఎందుకంటూనే ఆయన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అప్పటికి ఐదు మెసేజీలు పెట్టి ఉన్నాడు. గట్టు మీద గుడిసెలో ఉండేది చెరువు కాపలాదారు పెద్దమునియప్ప. జూన్‌లో చెరువు మీద నలభై ఒక్క బాతుపిల్లలు తిరిగాయి. జూలైలో పంతొమ్మిది. ఆగస్టు మొదటివారానికి ఆరు. ఆ లెక్క తీసింది అబ్రహామే. గ్రూపులో పెట్టి పొరపాటు చేశాడు. లెక్క చూసిన పెద్దమనుషులకు అర్థమైంది ఒక్కటే: పిల్లలు తగ్గాయంటే పేదవాడెవడో తిన్నాడు.

"సాయంత్రం ఐదింటికి మీటింగ్," శశిధర్ ప్రకటించాడు. "మునియప్పను టర్మినేట్ చేస్తున్నాం. గుడిసె వెకేట్ చేయించి, ఫారెస్ట్ వాళ్లకు కంప్లయింట్ ఇస్తాం. సీరియస్ కేస్ ఇది, జైలే."

ఎయిర్ బేస్ వైపునుంచి జెట్ ఒకటి లేచి చెవులు పగలగొట్టింది. అందరూ తల పైకెత్తి దాన్ని కూడా ఫొటో తీశారు.

*

"నాన్నా, అది డైనింగ్ టేబుల్," అంది సుప్రియ.

"ఆ సంగతి దీనికి తెలీదులే. డెట్టాల్ ఇలా తే."

సుప్రియ చర్చికి తయారై ఉంది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని గ్లవ్స్ తొడుక్కుంది. నర్సు ఉద్యోగం ఆదివారాన్ని కూడా వదలదు. గాయం కడిగి, దూది పక్కన పెట్టి, దగ్గరగా చూసింది.

"ఇది తాడు కోత కాదు నాన్నా. తాడైతే చుట్టూ ఒకే గీత పడాలి. ఇక్కడ పొడుగునా గీరుకుపోయింది. బైకు మీంచి పడి రోడ్డు మీద ఈడ్చుకుపోయినవాళ్ల మోచేతులు ఇలాగే ఉంటాయి."

అబ్రహాం కళ్లద్దాలు పైకి తోసుకుని వంగాడు. ఆకురాయితో గీకినట్టు సన్నటి గీతలు, వందలు. పైనుంచి కిందికి. ఏదో కాలు పట్టుకుని కిందికి లాగితే, పక్షి పైకి గుంజుకుంది.

"దీన్ని పట్టినదానికి పళ్లు లేవు," అన్నాడు నెమ్మదిగా. "నోట్లో ఆకురాయి ఉంది."

"దేనికి?"

 ఈ వానాకాలం చెరువులో ఒక్క కప్ప కూడా అరవలేదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. బి టవర్‌లో పద్నాలుగు మందికి డెంగీ. కమిటీ పొగ పెట్టించింది. ఆ పొగకు దోమలు పక్క టవర్‌కు పోయాయి, దోమల్ని పట్టి తినే తూనీగలు చచ్చాయి. దానికి కమిటీ తనను తాను అభినందించుకుంటూ తీర్మానం కూడా చేసుకుంది. దోమపిల్లల్ని తినే చిన్న చేపలేమయ్యాయని అడిగినవాడు లేడు.

"నువ్వు చర్చికి వెళ్లిరా అమ్మా. నేను గట్టు మీదికి పోతా."

"పాస్టరుగారు మీ గురించి అడుగుతారు."

"చేపలు పట్టడానికి వెళ్లాడని చెప్పు. అపొస్తలులు కూడా అదే చేశారు."

*

గుడిసె ముందు సామాను అప్పటికే బయట ఉంది. ఎవరూ పడెయ్యలేదు, సొన్నమ్మే సర్దింది. మొగుడికంటే ముందు లోకాన్ని అర్థం చేసుకునే మనిషి.

"రండి సార్, రండి. ఈ దొంగ మొగాన్ని చూసిపోండి," అంది గిన్నెలు గోనెసంచిలో వేస్తూ. "నలభై బాతుపిల్లల్ని తిన్న్యాడంట! వానికి నోట్లో నాలుగు పండ్లు ఉండాయి. ముద్దను నీళ్లలో నానబెట్టి తింటాడు. బాతుల్ని ఎట్ల తిన్న్యాడో ఆ గంధం సామి వచ్చి చూపించల్ల."

పెద్దమునియప్ప గడప మీద కూర్చుని ఉన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ చెరువుకు కాపలా. అపార్ట్‌మెంట్ పునాది తవ్వినప్పుడు ఆ గోతిలో పడిన కుక్కను బయటికి తీసిందీ అతనే. "నేనేం చేసిండ్లా సార్. సుమ్నే, ఉత్తపుణ్యానికి నా మీద ఏస్తాండారు. జైలు అంటాండారు. డెబ్బై దగ్గరపడినోన్ని, జైల్లో ఏం పని చేయిస్తారప్పా నాతో?"

"మునియప్పా, చెరువులో పెద్ద చేప ఏమైనా కనపడిందా ఈమధ్య?"

"కనపడితే మాత్రం ఏం చేసేది? రెండేండ్ల కిందనే బోర్డు పెట్టినారు గదా, గాలం ఎయ్యకూడదని. అంతకు ముందు నేనూ, ఆ పక్క పల్లెలోళ్లూ దినామూ ఏసేవాళ్లం. ఇప్పుడు తాకితే ఫోటో తీస్తారు."

"గాలం ఉందా?"

సొన్నమ్మ చేతిలోని గిన్నె ఆపింది. "ఉండే దోషం చాలదా సార్? ఇది కూడా మెడకు కట్టుకోవల్లనా?"

"నేనే వేస్తానమ్మా. ఫోటో తీస్తే నాది తీసుకోనీ. గడ్డం ఈ మధ్యే గీయించుకున్నా."

చూరులోంచి గాలం దిగింది. ఎరకు వెతుక్కోనక్కర్లేదు. పైన కాలువలో చికెన్ కొట్లవాళ్లు పారేసిన పేగులు బుట్టెడు తేలుతున్నాయి. అబ్రహాం ఒక ముక్క గుచ్చి, కాలువ చెరువులో కలిసేచోట విసిరాడు.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తాడు చేతిని కోసేటంత జోరుగా లాగింది. ఇద్దరు ముసలివాళ్లూ వెనక్కి వాలి గుంజారు. బురదనీళ్లు విరిగి, పలకలాంటి తల, ఎనిమిది మీసాలు, నల్లటి జారుడు ఒళ్లు గట్టు మీద పడ్డాయి. ముంజేయికి రెండింతల పొడుగు. నీళ్లు వదిలి వచ్చినా చావలేదు. రెక్కల మీద లేచి, పాములా మెలి తిరుగుతూ, తిరిగి నీళ్లవైపు పాకడం మొదలెట్టింది.

"ఓరి నాయనో, నడుస్తాండాదే!" అంది సొన్నమ్మ.

"ఆఫ్రికా క్యాట్‌ఫిష్," అన్నాడు అబ్రహాం. ఆ మాటను ఆయన బూతులా పలికాడు. కొల్లేరులో దీన్ని పట్టించి పాతిపెట్టించడానికి సగం ఉద్యోగం ఖర్చు చేశాడు. దాని దవడ తెరిచి, మునియప్ప వేలు పట్టుకుని లోపల రాయించాడు. "చూడు. ఆకురాయి."

కత్తితో పొట్ట కోశాడు. లోపల పేగులు, బ్రెడ్డు ముక్కలు, ఒక చుంచెలుక, పాలిథీన్ కవరు, వాటి మధ్య పసుపూ నలుపూ నూగుతో రెండు చిన్న పిండాలు. తెడ్లలాంటి పాదాలు ఇంకా అరగలేదు. బాతుపిల్లలు.

పెద్దమునియప్ప వాటిని వేలితో గడ్డి మీదికి జరిపాడు. "నేను వీటికి బియ్యం ఏసేవాన్ని సార్," అన్నాడు.

గంటలో మరో నాలుగు పడ్డాయి. ఒకటి చెయ్యంత, ఒకటి అరచేయంత, మిగతావి మధ్యరకం. మొత్తం ఐదింటిలో అబ్రహాం నాలుగింటి పొట్టలూ కోశాడు, ఐదోదాన్ని కొయ్యలేదు. "దీన్ని తడి గోనెసంచిలో చుట్టి ఉంచు. సాయంత్రం దాకా చావదు. దీనికి గాలి పీల్చే అవయవం వేరే ఉంది."

"ఇవి ఎట్ల వచ్చినాయి సార్ మన చెరువులోకి?"

"అదే అడగబోతున్నా. నువ్వు చూడకుండా ఇక్కడికి ఎవడైనా రాగలడా?"

"నేను లేని దినం శనివారం ఒకటే. ఆ దినం నాకు రజా. చందాపురలో బిడ్డ ఉండాది, ఇద్దరమూ ఆడికి పోతాము. ఆ రజా కూడా ముందు లేదు సార్. భుజంగరావు సామే కమిటీలో మాట్లాడి ఇప్పించినాడు."

"మంచోడు అనుకున్న్యాము అప్పుడు," అంది సొన్నమ్మ.

*

యలహంక పాత ఊరి మార్కెట్‌లో జయరామప్ప చేపల అంగడిలో ఐసు మీద పడుకున్న రోహూ, కట్లా, బంగడె అన్నీ చచ్చినవే. మూలన తొట్టిలో, మూత కింద, ఏదో కదులుతోంది. అబ్రహాం మూత ఎత్తాడు. మీసాలు.

"సార్, సార్, అది మూసెయ్యండప్పా!" జయరామప్ప కత్తి వదిలి వచ్చాడు. "ఎవరు మీరు, డిపార్ట్‌మెంటా?"

"ఒకప్పుడు. ఇప్పుడు ఉత్త ముసలాణ్ణి. ఈ చేప అమ్మకూడదని తెలుసు గదా నీకు?"

"తెలుసు. బతికుండే చేప కావాలని అడుగుతారే, ఏం చేసేది? ఆ రోహూ లారీ ఎక్కేలోగా చస్తాది. బతికుండేది అంటే ఇదొకటే. నీళ్లు లేకున్నా పూటంతా ఉంటాది."

"బతికున్నదే కావాలని అడిగేది ఎవరు?"

జయరామప్ప అటూ ఇటూ చూశాడు. అబ్రహాం మూత కొంచెం ఇంకా పైకెత్తాడు.

"ఒకాయన ఉండాడు సార్. శనివారం పొద్దున్నే కార్లో వస్తాడు. మాస్కు, టోపీ. మూతలుండే బకెట్లు తెస్తాడు. పది చేపలు, బతికుండేవి. కొయ్యకూడదు, తల మీద కొట్టకూడదు. ఒక్కొక్క చేపకూ దండం పెట్టి బకెట్లో ఏస్తాడు. ఇరవై ఏండ్ల నుంచి అంగడి పెట్టుకోని ఉండా, నా మొగానికి ఒక్కడన్నా దండం పెట్టిండ్లా!" నవ్వాడు. "నీసు వాసనకు ముక్కు మూసుకుంటాడు. తినేటోడు కాదు. బేరం ఆడడు."

"పేరు?"

"అడిగితే మళ్ల రాడని అడగలా."

"సాయంత్రం వచ్చి నలుగురి ముందు చెప్తావా?"

"చెప్తే నా అంగడి మూస్తారు సార్. నేను రాను. మీరు రాలేదు, నేను చూడలేదు."

అబ్రహాం బయటికొచ్చాడు. చేప తిననివాడు దాన్ని బతికుండగా కొనేది నీళ్లలో వదలడానికే. చచ్చిన చేపను నీళ్లలో వదిలితే ఎవరికీ నష్టం లేదు. బతికున్నదాన్ని వదలాలంటే మార్కెట్‌లో దొరికేది ఒకే ఒక్కటి. ఏ చేపను ప్రాణం పోయినా చెరువులో వెయ్యకూడదో అది. ముక్కు మూసుకుని చేపల అంగడికి వచ్చినవాడికి చేపకూ చేపకూ తేడా ఏం తెలుస్తుంది? వాడికి అన్నీ జీవాలే. ఒక్క మనిషి తప్ప.

మనిషెవరో ఆయనకు తెలిసిపోయింది. కానీ తెలియడం వేరు, నిరూపించడం వేరు. సాక్షి లేడు. ఐదింటికి పెద్దమునియప్పను గట్టు మీంచి దించేస్తారు.

*

క్లబ్ హౌస్‌లో అరవై కుర్చీలు, అరవై మంది. పెద్దమునియప్ప, సొన్నమ్మ తలుపు దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డారు. సమోసాల పళ్లెం రెండుసార్లు వాళ్ల ముందునుంచి వెళ్లింది, ఆగలేదు.

శశిధర్ గోడ మీద గ్రాఫ్ వేశాడు. అబ్రహాం మూడేళ్లు తిరిగి తీసిన లెక్కే, ఎర్ర గీతగా మారి కిందికి దిగుతోంది. "ఫ్రెండ్స్, డేటా అబద్ధం చెప్పదు. చిక్స్ డౌన్, ఫ్రాగ్స్ డౌన్. గట్టు మీద ఇరవై నాలుగు గంటలూ ఉండే మనిషి ఒక్కడే. కనెక్ట్ ది డాట్స్."

"ఆ మనిషి పంతొమ్మిదేళ్లుగా ఉన్నాడు," అన్నాడు అబ్రహాం లేచి. "నీ గీత వంగింది ఎప్పుడు? రెండేళ్ల కిందట. గాలం నిషేధమని బోర్డు పెట్టిన నెల. చుక్కలు కలుపుతావా, కలుపు."

గోనెసంచిలోంచి చేపను తీసి సమోసాల బల్ల మీద పడేశాడు. అది తోకతో చట్నీ గిన్నెను గోడకు కొట్టింది. ముందు రెండు వరుసలు కేకలు పెడుతూ మూడో వరుసలోకి వెళ్లాయి. పొద్దున రక్తం కారుతున్న పక్షి ఫొటోలు తీసినవాళ్లే.

"మీ బాతుపిల్లల్ని తిన్నది ఇది. పొద్దున దీని అన్న పొట్టలో రెండు దొరికాయి. కప్పల్నీ ఇదే తింది, దోమపిల్లల్ని తినే చిన్న చేపల్నీ ఇదే తింది. మొన్న ఎండాకాలం మీ డ్రైనేజీ చెరువులోకి వచ్చి, నీళ్లలో గాలి చాలక మిగతా చేపలన్నీ తేలిపోయాయి గుర్తుందా? వాసన వస్తోందని కిటికీలు మూసుకున్నారు. ఇది చావలేదు. నోరు పైకి పెట్టి గాలి పీలుస్తుంది కాబట్టి. చెరువంతా దీనికి రాసిచ్చారు."

"బట్ అంకుల్, నేచర్ బ్యాలెన్స్ అంటారు కదా? తిండి అయిపోతే వాటంతట అవే తగ్గిపోవాలి," అన్నాడు శశిధర్.

"అడవిలో అంతే. జింకలు తగ్గితే పులీ తగ్గుతుంది. పులికి అడవిలో వేరే హోటల్ లేదు. ఇక్కడ ఈ చేపకు చికెన్ పేగులున్నాయి, మీరు పుణ్యానికి వేసే బ్రెడ్డుంది, మీ మురుగుంది. బాతుపిల్లలు ఉన్నా లేకపోయినా దీని కడుపు నిండుతుంది. అందుకే దీని సంఖ్య తగ్గదు. ఆఖరి పిల్ల దాకా తింటుంది, ఆ తర్వాత కూడా హాయిగా బతుకుతుంది. దీన్ని తగ్గించే జంతువు ఈ చెరువు మీద ఒక్కటే ఉండేది. గాలం పట్టుకున్న మనిషి. వాణ్ణి మీరు బోర్డు పెట్టి తరిమేశారు."

 అప్పుడు భుజంగరావు లేచాడు. ఎంత నిదానంగా లేచాడంటే, చూసేవాళ్లకు గౌరవం పుట్టాలి.

"అబ్రహాంగారు పెద్దలు, శాస్త్రం తెలిసినవారు. వారి మాటే నిజమనుకుందాం. మరి ఈ చేపను చెరువులో వేసిందెవరు? పెంచుకుని అమ్ముకునే అవసరం ఎవరికుంది? మనకా?" తలుపువైపు చూశాడు. అరవై తలలూ తలుపువైపు తిరిగాయి.

"కరెక్ట్!" అన్నాడు శశిధర్. "ఇల్లీగల్ ఫిష్ ఫార్మింగ్. ఇది ఇంకా పెద్ద కేసు."

"అమ్మేటోళ్లమైతే ఈ గుడిసెలో ఎందుకు ఉంటాము సామీ?" సొన్నమ్మ గొంతు లేచింది. "మేము కూడా పైన బాల్కనీలో కూర్చోని బాతుల్ని లెక్కబెడతాండుంటిమి!"

"అమ్మా, డిసిప్లిన్!" శశిధర్ చెయ్యి ఎత్తాడు. "తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేవడం మొదలైంది. డెంగీ వచ్చి తగ్గినవాళ్ల చేతులు అన్నిటికంటే ముందు లేచాయి. పెద్దమునియప్ప చెప్పుల్లోకి కాళ్లు దూర్చబోయాడు.

"ఎత్తండి, ఎత్తండి," అన్నాడు అబ్రహాం. "ఎవడు వేశాడో తేల్చుకోవడం మీ పని. నా పని చేపల్ని తియ్యడం. రేపు కొల్లేరునుంచి మా పాత వలవాళ్లు వస్తున్నారు. పిల్లలూ పెద్దవీ ఒక్కటి మిగలకుండా లాగి, ఉప్పువేసి గుంటలో పూడుస్తారు. ఇది మొదటిది."

వలవాళ్లెవరూ రావడం లేదు. వాళ్లకు ఇంకా కబురే చెయ్యలేదు. ఆయన జేబులోంచి కత్తి తీసి, చేప తల వెనకాల ఆనించాడు. కళ్లు మాత్రం చేప మీద లేవు.

"ఆపండి!"

ఆ కేక మెత్తగా లేదు. భుజంగరావు కుర్చీలు తోసుకుంటూ వచ్చి బల్ల అంచు పట్టుకున్నాడు. గంధం కింద నుదురు చెమట పట్టింది.

"ఎందుకు ఆపాలండీ? బాతుపిల్లల్ని చంపిన హంతకి కదా ఇది."

"చంపకండి. దాన్ని చంపితే లెక్క పోతుంది."

"ఏం లెక్క?"

భుజంగరావు పెదవులు కొరుక్కున్నాడు. అబ్రహాం కత్తిని ఒక వీసం నొక్కాడు. నల్ల చర్మం మీద ఎర్ర చుక్క లేచింది.

"నా లెక్క!" అని అరిచాడు భుజంగరావు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఆయన అటు తిరిగి అందరినీ చూశాడు. మొహంలో సిగ్గు లేదు. తనను అర్థం చేసుకోలేని తెలివితక్కువవాళ్ల మీద చిరాకు ఉంది.

"అవును, నేనే వదిలాను. దొంగతనమా చేశాను? ప్రాణదానం చేశాను. రెండేళ్ల కిందట నా గుండెకు ఆపరేషన్ అయింది, మీకందరికీ తెలుసు. నా జాతకం చూసినాయన గండం ఇంకా పోలేదన్నాడు. కసాయి చేతిలోంచి వెయ్యిన్నెనిమిది ప్రాణాలు విడిపించి నీళ్లలో వదిలితే పోతుందన్నాడు. శనివారాలు వదలమన్నాడు. ఆ కంపులో నిలబడి, ముక్కు మూసుకుని, వారానికి పది. తొంభై ఎనిమిది వారాలు. మీలో ఎవరైనా ఒక దోమనైనా బతికించారా? తొమ్మిది వందల ఎనభై అయ్యాయి. ఇంకా ఇరవై ఎనిమిది. మూడు శనివారాలు, అంతే.

"వదిలినవాటిని ఎవడైనా పట్టి చంపితే ఫలం పోతుందన్నాడు ఆయన. అందుకే గాలం వద్దని బోర్డు పెట్టించాను. అది నా ఒక్కడి కోసమా? మీరంతా చప్పట్లు కొట్టారు. ఈ మునియప్ప కాలువ దగ్గరే తిరుగుతుంటాడు, చూస్తే పది మందికి చెప్తాడు, దిష్టి తగులుతుంది. అందుకని శనివారం సెలవిప్పించాను. వాడికీ మంచిదే కదా.

"అది ఏం తింటుందో నాకు మొదట తెలీదు. ఒట్టు. ఏప్రిల్‌లో తెలిసింది. కాలువ దగ్గర బకెట్ వంచుతున్నాను. తల్లిబాతు వెనకాల ఏడు పిల్లలు వరసగా వస్తున్నాయి. నీళ్లు ఒకసారి కదిలాయి, ఆరయ్యాయి. మళ్లీ కదిలాయి, ఐదు. తల్లి గుండ్రంగా తిరుగుతూ అరుస్తోంది. అక్కడే నిలబడి చూశాను. ఇంటికొచ్చి తలస్నానం చేశాను. ఆయనకు ఫోన్ చేస్తే, చేప తింటే పాపం చేపది, మీకు అంటదన్నాడు. తర్వాతి శనివారం మళ్లీ వెళ్లాను. ఏం చెయ్యమంటారు? అప్పటికే ఎనిమిది వందలు దాటాయి. మధ్యలో ఆపితే అన్నీ వృథా.

"పిల్లలు తగ్గాయని ఈయన లెక్కలు పెట్టడం మొదలెట్టాక భయమేసింది. ఎవడో ఒకడు వెతుకుతాడు, చేప బయటపడుతుంది, వల వేస్తారు. వెతక్కుండా ఉండాలంటే దొరికినవాడు ఒకడుండాలి. అందుకని మొదటి మెసేజ్ నేనే పెట్టాను. మూడు వారాల పని. తర్వాత కేసు వెనక్కి తీసుకోమని నేనే చెప్పేవాణ్ణి. బాతులదేముందండీ, వచ్చే ఏడు మళ్లీ గుడ్లు పెడతాయి. నాకున్నది ఒక్క గుండె."

సొన్నమ్మ తలుపు దగ్గరనుంచి నడుచుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "అదంతా నీ దేవునికి చెప్పుకో సామీ. మావోడు ఒక పిల్లనన్నా ముట్టుకున్న్యాడా, లేదా? వీళ్లకు వినపడేట్ల చెప్పు."

భుజంగరావు ఆమెను చూడలేదు. బల్ల మీద నోరు తెరిచి గాలి పీలుస్తున్న చేపను చూస్తూ చెప్పాడు.

"లేదు. మునియప్ప ఒక్క పిల్లను కూడా ముట్టుకోలేదు. వాడు బియ్యం వేస్తుంటే కూడా చూశాను. చూసే, వాడి పేరు రాశాను."